రోటర్ మీద ఎవరో చెయ్యి పెట్టారు: పెద్ద మోటార్లలో తెలియని మార్పుల్ని ఎలా పసిగడతారు

పాత పెద్ద మోటార్లతో ఒక చిక్కు ఉంది. స్టేటర్ (మోటార్‌లో కదలని భాగం) వైండింగ్ ఎప్పుడు మార్చారో ఎక్కడో ఒక ఫైల్లో దొరుకుతుంది. లోపల తిరిగే భాగమైన రోటర్‌కు ఏం చేశారో మాత్రం చాలాసార్లు ఎవరూ రాసి పెట్టరు. ఇరవై ముప్పై ఏళ్లు నడిచి, రెండు మూడు వర్క్‌షాపులు తిరిగొచ్చిన మోటార్‌ను విప్పితే రోటర్ మీద లేత్ గీతలు, ఎండ్ రింగ్‌కు రంధ్రాలు, బార్ల మీద వరసగా నొక్కిన గుర్తులు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఫ్యాక్టరీలో చేసినవే. కొన్ని తర్వాత మరమ్మతులో వచ్చి చేరినవి. మిగిలినవి నిజమైన దెబ్బలు. వీటిని విడదీసి చూడలేకపోతే మంచి రోటర్‌ను మరమ్మతు పేరుతో చెడగొట్టుకోవచ్చు, చెడిపోయినదాన్ని మళ్లీ బిగించి నడిపించనూ వచ్చు.

రోటర్ వింతగా కనబడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. ఆ మార్పు వల్ల మోటార్ ప్రవర్తనలో ఏం మారింది అన్నది కొలిచి చూశాకే ఏదైనా చెప్పగలం. ఏ ఒక్క కొలతా ఆ పని పూర్తిగా చేయలేదు. నిపుణుల మధ్య వాదనలు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే.

ముందు రోటర్ గురించి నాలుగు మాటలు

పరిశ్రమల్లో నడిచే పెద్ద మోటార్లలో ఎక్కువ భాగం స్క్విరల్ కేజ్ ఇండక్షన్ మోటార్లే. 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల కేజ్ మోటార్ తయారుచేసినప్పటి నుంచి దీని మూల రూపం పెద్దగా మారలేదు. షాఫ్ట్ మీద పలుచని ఉక్కు రేకులను దొంతరగా పేరుస్తారు. వీటినే లామినేషన్లు అంటారు. రేకుల అంచున ఉండే స్లాట్లలో రాగి బార్లో అల్యూమినియం బార్లో ఉంటాయి. రెండు చివర్లా ఆ బార్లన్నిటినీ కలుపుతూ ఎండ్ రింగులు ఉంటాయి. బార్లూ రింగులూ కలిసి పంజరంలా కనిపించేదే కేజ్.

రోటర్‌కు బయటి నుంచి కరెంట్ తెచ్చే తీగ ఏదీ ఉండదు. స్టేటర్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రమే బార్లలో కరెంట్‌ను పుట్టిస్తుంది. అది పుట్టాలంటే రోటర్ ఆ క్షేత్రం కన్నా కాస్త వెనకబడి తిరగాలి. ఆ వెనకబాటునే స్లిప్ అంటారు. 50 హెర్ట్జ్ సరఫరా మీద నడిచే 4 పోల్ (నాలుగు అయస్కాంత ధ్రువాలున్న) మోటార్‌లో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటర్ 1485 చుట్లు తిరిగితే స్లిప్ 15 చుట్లు, అంటే 1 శాతం. రోటర్‌కూ స్టేటర్‌కూ మధ్య ఉండే ఖాళీ ఎయిర్ గ్యాప్. ఎంత పెద్ద మోటార్‌లో అయినా అది కొద్ది మిల్లీమీటర్లే.

రోటర్‌కు ఏ మార్పు చేసినా అది చివరికి కేజ్ నిరోధాన్నో, ఎయిర్ గ్యాప్‌నో, రోటర్ చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉండే గుణాన్నో తాకుతుంది. కొన్ని మార్పులు రెండింటిని కూడా తాకుతాయి. ఇది మనసులో ఉంటే కింద చెప్పబోయే కొలతలన్నీ ఎందుకో తేలిగ్గా అర్థమవుతాయి.

కంటికి కనిపించే గుర్తులు: ఏది ఎవరి పని?

బార్ల పైభాగంలో పొడవునా ఒక సన్నని గాడి నొక్కినట్టు ఉంటే మొదటిసారి చూసేవారు కంగారు పడతారు. ఎవరో ఉలితో కొట్టారని అనుకుంటారు. చాలావరకు అది స్వేజింగ్. బార్ స్లాట్‌లో వదులుగా కదలకుండా, దాని తలను నొక్కి పక్కలకు ఉబ్బించే పని అది. తయారీలోనే చేస్తారు. గుర్తు అన్ని బార్ల మీదా, ఒకే లోతులో, ఒక చివర నుంచి రెండో చివర దాకా ఉంటే భయపడాల్సిన పని లేదు. నాలుగైదు బార్ల మీద మాత్రమే ఉంటేనో, ఒకచోట లోతుగా ఇంకోచోట పైపైన ఉంటేనో అది తర్వాత ఎవరో చేసిన పని. ఆ బార్లు ఎందుకు వదులయ్యాయి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఎండ్ రింగ్‌లో రంధ్రాలు, రింగ్ అంచున అరగదీసిన చోట్లు ఎక్కువగా బ్యాలెన్సింగ్ (అన్ని వైపులా బరువు సమం చేయడం) కోసం చేసినవే. అయితే రింగ్ చుట్టుకొలత మొత్తం తరిగి సన్నబడి ఉంటే సంగతి వేరు. రింగ్ సన్నబడితే కరెంట్ దారి ఇరుకై నిరోధం పెరుగుతుంది. రింగ్ ఏ వేగానికి తట్టుకుంటుందన్న లెక్క కూడా మారిపోతుంది.

లేత్ గీతల విషయంలో తొందరపడకూడదు. కొత్త రోటర్లను కూడా చివరి కొలతకు తేవడానికి ఫ్యాక్టరీలోనే లేత్ మీద తిప్పడం ఉంది. కాబట్టి గీతలు ఉన్నాయా అని కాదు, ఆ గీతల కింద రేకుల అంచులు ఎలా ఉన్నాయని చూడాలి. రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే రేకుకూ రేకుకూ మధ్య సన్నని గీత కనిపించాలి. మొద్దుబారిన టూల్‌తో లోతుగా చెక్కితే లోహం పక్కకు పూసుకుపోయి ఆ గీతలు కనబడవు. ఉపరితలం మెరుస్తూ, చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ రేకుల మధ్య ఇన్సులేషన్ పనిచేయకుండా పోయి, పైపొరలో కరెంట్లు తిరిగి వేడి పుడుతుంది. రోటర్ చేతికి ఎంత నునుపుగా తగిలితే అంత అనుమానించాల్సిన సందర్భం ఇది.

కొన్ని డిజైన్లలో స్లాట్ పైన సన్నని ఇనుప వంతెన ఉండి బార్ బయటికి కనబడదు. డ్రాయింగ్‌లో అలా మూసి ఉన్న స్లాట్, చేతిలో ఉన్న రోటర్‌లో తెరుచుకుని రాగి కనిపిస్తోందంటే రోటర్‌ను చెక్కారనడానికి అంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. ఆ వంతెన పోతే లీకేజ్ రియాక్టెన్స్ (పక్కదారి పట్టే అయస్కాంత క్షేత్రం వల్ల కరెంట్‌కు కలిగే అడ్డు) తగ్గుతుంది. స్టార్టింగ్ కరెంట్ పెరుగుతుంది.

అరుదుగా రోటర్ చుట్టూ సమాన దూరంలో చదునుగా చెక్కిన భాగాలు కనిపిస్తాయి. వాటి సంఖ్య పోల్స్ సంఖ్యతో సమానమైతే, ఎవరో దాన్ని రిలక్టెన్స్ మోటార్‌గా (రోటర్ ఆకారం వల్లే క్షేత్రంతో కలిసి తిరిగేదిగా) మార్చారని అర్థం. అలాంటి మోటార్ తేలికపాటి లోడ్ మీద స్లిప్ లేకుండా సరిగ్గా 1500 దగ్గర లాక్ అవుతుంది. ఈ పద్ధతి సింథటిక్ దారం తీసే యంత్రాల్లాంటి చోట్ల చిన్న మోటార్లలో వాడేది. పెద్ద మోటార్‌లో చదును చెక్కుడు కనిపిస్తే ముందుగా బ్యాలెన్సింగ్ కోసం లోహం తీశారేమో చూడడం మంచిది.

స్లిప్, నో-లోడ్ కరెంట్: విప్పకముందే దొరికే ఆధారాలు

ఒక ఊహాత్మక మోటార్ తీసుకుందాం. 1000 కిలోవాట్లు, 6.6 కిలోవోల్టులు, 4 పోల్స్, 50 హెర్ట్జ్. నేమ్‌ప్లేట్ మీద వేగం 1485, కరెంట్ సుమారు 105 ఆంపియర్లు. టెస్ట్ సర్టిఫికెట్‌లో నో-లోడ్ కరెంట్ (లోడ్ లేకుండా ఊరికే తిరిగేటప్పుడు తీసుకునేది) 30 ఆంపియర్లు. ఇప్పుడు పూర్తి లోడ్ మీద కొలిస్తే వేగం 1470 వచ్చింది. స్లిప్ 15 నుంచి 30 చుట్లకు పెరిగింది.

నేమ్‌ప్లేట్ వేగం కచ్చితమైన అంకె కాదన్నది ముందు గుర్తుంచుకోవాలి. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60034-1 ప్రమాణం ఈ స్థాయి మోటార్లకు స్లిప్‌లో 20 శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటుంది. అంటే 1482 నుంచి 1488 మధ్య ఎక్కడున్నా తప్పు లేదు. 1470 ఆ హద్దు దాటిపోయింది. అయినా వెంటనే రోటర్ మీద నింద వేయకూడదు. ఒకే లోడ్‌కు స్లిప్ వోల్టేజీ వర్గానికి విలోమంగా మారుతుంది. వోల్టేజీ 10 శాతం పడిపోతే స్లిప్ సుమారు 23 శాతం పెరుగుతుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది కాబట్టి రోటర్ మామూలు కన్నా 50 డిగ్రీలు వేడిగా ఉంటే ఇంకో 20 శాతం వరకు కలుస్తుంది. ఈ రెండూ ఒకేసారి జరిగినా స్లిప్ ఒకటిన్నర రెట్లే అవుతుంది, రెండు రెట్లు కాదు. లోడ్ నిజంగా 1000 కిలోవాట్లేనని తేలితే, కేజ్ నిరోధమే పెరిగిందన్న అనుమానం బలపడుతుంది.

ఎలా పెరిగి ఉండొచ్చు? బార్లు విరిగి ఉండొచ్చు. రింగ్ దగ్గర బ్రేజింగ్ (లోహం కరిగించి వేసిన అతుకు) వదిలి ఉండొచ్చు. లేదా ఎవరో కావాలనే వేరే లోహంతో బార్లు వేసి ఉండొచ్చు. మామూలు 70-30 ఇత్తడి వాహకత రాగిలో సుమారు 28 శాతం మాత్రమే. బరువైన ఫ్యాన్లు, మిల్లుల్లాంటి లోడ్లను కదిలించడానికి స్టార్టింగ్ టార్క్ (మొదలయ్యేటప్పుడు తిప్పే బలం) చాలనప్పుడు నిరోధం ఎక్కువున్న మిశ్రమ లోహం వాడడం పాత పద్ధతే, డిజైనర్లు కూడా చేసేదే. దాని ఖర్చు నడిచినంతకాలం ఉంటుంది. ఎయిర్ గ్యాప్ దాటి రోటర్‌కు చేరిన శక్తిలో స్లిప్ శాతమంత బార్లలో వేడిగా పోతుంది. 1 శాతం స్లిప్‌కు మన మోటార్‌లో 10 కిలోవాట్లు పోయేవి. 2 శాతానికి 20 కిలోవాట్లు. అదనంగా 10 కిలోవాట్ల హీటర్‌ను రోటర్ లోపల పెట్టినట్టే.

బార్లు విరిగాయా, లోహం మారిందా అన్నది స్లిప్ చెప్పదు. లోహం మారితే అన్ని బార్లూ ఒకేలా ఉంటాయి, రోటర్ చుట్టూ సమానత్వం చెడదు. విరిగితే చెడుతుంది. రెండింటినీ విడదీసేది కరెంట్ స్పెక్ట్రమ్, అంటే కరెంట్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో శిఖరాలుగా చూపే పటం. దాని సంగతి కాసేపట్లో చూద్దాం. విప్పాక అయితే మిశ్రమ లోహాన్ని గుర్తించే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం నిమిషాల్లో తేల్చేస్తుంది.

ఇప్పుడు దీనికి భిన్నమైన కేసు. స్లిప్ మామూలుగానే ఉంది కానీ నో-లోడ్ కరెంట్ 30 నుంచి 35 ఆంపియర్లకు పెరిగింది. అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టే కరెంట్‌లో ఎక్కువ భాగం ఎయిర్ గ్యాప్ కోసమే ఖర్చవుతుంది. రోటర్ వ్యాసం 0.6 మిల్లీమీటర్లు తగ్గిస్తే గ్యాప్ ఒక్కో పక్క 0.3 పెరుగుతుంది. 1.5 ఉన్నది 1.8 అవుతుంది, అంటే 20 శాతం ఎక్కువ. కరెంట్ 36 దాకా వెళ్లొచ్చు. ఇనుములో ఖర్చయ్యే వాటా మారదు కాబట్టి నిజంగా దానికన్నా కాస్త తక్కువే వస్తుంది. ఆరు ఆంపియర్లు చిన్న సంగతి అనిపించొచ్చు, కానీ 6.6 కిలోవోల్టుల దగ్గర అది దాదాపు 68 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ (పనిగా మారకుండా క్షేత్రం కోసం లైన్‌లో అటూ ఇటూ తిరిగేది). ఆ మేరకు పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్నదాంట్లో పనికొచ్చే వాటా) దెబ్బ తింటుంది.

కానీ నో-లోడ్ కరెంట్ పెరగడానికి రోటర్ ఒక్కటే కారణం కాదు. స్టేటర్‌ను మళ్లీ చుట్టినప్పుడు తీగ చుట్లు తగ్గించి ఉంటే కూడా ఇదే జరుగుతుంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చుట్లు తగ్గితే ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) పెరుగుతుంది, దాంతో లోడ్ మీద స్లిప్ కొంచెం తగ్గుతుంది. స్టేటర్ వైండింగ్ నిరోధం కూడా మారుతుంది. గ్యాప్ పెరిగితే ఈ రెండూ దాదాపు కదలవు. అందుకే నో-లోడ్ కరెంట్‌ను ఒంటరిగా చదవకుండా స్లిప్‌తో, వైండింగ్ నిరోధంతో కలిపి చదవాలి. నో-లోడ్‌లో తీసుకునే కిలోవాట్లు కూడా రాసుకోవాలి. రేకుల అంచులు పూసుకుపోయిన రోటర్‌లో కరెంట్ కన్నా ఈ కిలోవాట్లు పెరగడమే ముందుగా బయటపడే గుర్తు కావచ్చు.

బార్ల లెక్క తెలియాలంటే శబ్దం వినాలి

ఒకే ఫ్రేమ్ సైజు మోటార్లు రెండు ఒకేసారి మరమ్మతుకు వెళ్లి, రోటర్లు తారుమారై రావడం జరగని పనేమీ కాదు. షాఫ్ట్ కొలతలు సరిపోతాయి, బేరింగులు సరిపోతాయి, మోటార్ తిరుగుతుంది. కానీ బార్ల సంఖ్య వేరు. అప్పటిదాకా లేని కీచుమనే శబ్దం మొదలవుతుంది.

బార్ల సంఖ్యను వైబ్రేషన్ నుంచి లెక్కగట్టవచ్చు. 1485 వేగమంటే సెకనుకు 24.75 చుట్లు. డ్రాయింగ్ ప్రకారం 52 బార్లుంటే 52ను 24.75తో గుణించగా వచ్చే 1287 హెర్ట్జ్ దగ్గర, దానికి 100 హెర్ట్జ్ (సరఫరా ఫ్రీక్వెన్సీకి రెట్టింపు) అటూ ఇటూ శిఖరాలు ఆశిస్తాం. కొలతలో 1435.5 దగ్గర, 1335.5, 1535.5ల దగ్గర వచ్చాయనుకుందాం. 1435.5ను 24.75తో భాగిస్తే సరిగ్గా 58. లోపలున్నది 58 బార్ల రోటర్, అంటే డ్రాయింగ్‌లోది కాదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 54 బార్ల రోటర్ అయితే శిఖరం 1336.5 దగ్గర రావాలి. మన సైడ్‌బ్యాండ్ (అసలు శిఖరం పక్కన లేచే శిఖరం) ఉన్నది 1335.5 దగ్గర. తేడా 1 హెర్ట్జ్. కొలత అంత సన్నగా లేకపోతే 58ని 54 అని చదివేస్తాం. వేగం కూడా దశాంశం వరకు తెలియాలి. 100 హెర్ట్జ్ అటూ ఇటూ జరిగిన శిఖరాలు భ్రమణ వేగానికి పూర్ణ గుణిజాలు కావు. ఆ చిన్న తేడానే అసలు శిఖరాన్ని పట్టిస్తుంది.

విరిగిన బార్‌లా కనిపించి, కానివి

విరిగిన బార్లకు అందరూ నమ్మే పరీక్ష స్టేటర్ కరెంట్ స్పెక్ట్రమ్. బార్ విరిగితే 50 హెర్ట్జ్‌కు రెండు వైపులా, స్లిప్ ఫ్రీక్వెన్సీకి (50 హెర్ట్జ్‌లో స్లిప్ శాతమంత) రెట్టింపు దూరంలో శిఖరాలు లేస్తాయి. 1 శాతం స్లిప్‌కు అవి 49, 51 హెర్ట్జ్ దగ్గర. ప్రధాన శిఖరం కన్నా 54 డెసిబెల్స్‌కు పైగా కింద ఉంటే రోటర్ బాగున్నట్టు, 45కు లోపు వస్తే అనుమానించాలన్నది చాలామంది వాడే లెక్క. ఐఎస్‌ఓ 20958 ప్రమాణం ఈ రకం కరెంట్ విశ్లేషణ గురించే.

వింత రోటర్ల దగ్గర ఈ లెక్క మోసం చేస్తుంది. పెద్ద రోటర్లలో బరువు తగ్గించడానికి, గాలి ఆడడానికి లోపల పొడవునా రంధ్రాలు వదులుతారు. లేదా రేకుల దొంతరను స్పైడర్ చేతుల (షాఫ్ట్ చుట్టూ చక్రం ఆకుల్లా ఉండే ఆధారాల) మీద నిలబెడతారు. ఆ రంధ్రాల, చేతుల సంఖ్య పోల్స్ సంఖ్యతో కలిస్తే ఫ్లక్స్‌కు దొరికే దారి రోటర్ తిరిగే కొద్దీ మారుతూ ఉంటుంది. సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ దగ్గర సైడ్‌బ్యాండ్ పుడుతుంది. కేజ్‌లో ఒక్క బార్ కూడా విరిగి ఉండదు. ఆ సైడ్‌బ్యాండ్‌ను నమ్మి విప్పితే మంచి రోటరే బయటికొస్తుంది. కొత్త స్పైడర్ వేసినా, బరువు తగ్గించడానికి కొత్తగా రంధ్రాలు వేసినా ఇలాంటి తప్పుడు సంకేతం మొదటిసారి పుట్టొచ్చు. క్రషర్లు, పిస్టన్ కంప్రెసర్లలాంటి ఊగే లోడ్లు కూడా 50 హెర్ట్జ్ పక్కన శిఖరాలు లేపుతాయి.

వీటిని విడదీయడానికి స్టార్టింగ్ సమయం చూడడం మంచి దారి. మోటార్ మొదలయ్యేటప్పుడు రోటర్‌లో ఫ్రీక్వెన్సీ ఎక్కువ. అప్పుడు ఫ్లక్స్ ఇనుములో లోతుకు దిగదు, కాబట్టి లోపలి రంధ్రాల ప్రభావం చాలావరకు మాయమవుతుంది. విరిగిన బార్ ఉపరితలం దగ్గరే ఉంటుంది కాబట్టి అది అప్పుడూ కనిపిస్తుంది. మోటార్ ఆగి ఉన్నప్పుడు చేసే పాత పరీక్ష కూడా ఉపయోగమే: స్టేటర్‌కు తక్కువ వోల్టేజీతో సింగిల్ ఫేజ్ ఇచ్చి, రోటర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఆమ్మీటర్ చూస్తారు. ముల్లు 3 శాతం కన్నా ఎక్కువ ఊగితే కేజ్‌ను దగ్గరగా పరీక్షించాల్సిందే.

స్లిప్ రింగులు పోయిన మోటార్

కేజ్ కాని రోటర్లు కూడా ఉన్నాయి. వాటిలో స్టేటర్‌లో ఉన్నట్టే వైండింగ్ ఉంటుంది. దాని కొసలు మూడు స్లిప్ రింగుల ద్వారా బయట ఉన్న రెసిస్టెన్స్‌కు వెళతాయి. స్టార్టింగ్‌లో ఆ రెసిస్టెన్స్ వల్లే తక్కువ కరెంట్‌తో ఎక్కువ టార్క్ వస్తుంది. బ్రష్‌లు మార్చే గొడవ లేకుండా డ్రైవ్ (సరఫరా ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడుపుదామని, మూడు కొసలనూ షాఫ్ట్ మీదే కలిపి బ్రేజ్ చేసి రింగులు తీసేయడం చాలాచోట్ల జరిగే మార్పు. డ్రైవ్ మీద నడిచినంతకాలం అది సరైన పనే.

గుర్తు పట్టడం సులువు. నేమ్‌ప్లేట్ మీద రోటర్ వోల్టేజీ, రోటర్ కరెంట్ అని రాసి ఉండి, మోటార్‌కు రింగులు లేకపోతే మార్పు జరిగిందన్నమాట. ప్రమాదం ఎప్పుడొస్తుందంటే, డ్రైవ్ చెడిపోయిన రోజున ఎవరో బైపాస్ పెట్టి నేరుగా లైన్ మీద స్టార్ట్ చేసినప్పుడు. షార్ట్ చేసిన వైండింగ్ నిరోధం తక్కువ. అందుకే కరెంట్ విపరీతంగా లాగుతుంది, టార్క్ మాత్రం చాలదు. లోడ్ కదలక, వేడంతా రోటర్ వైండింగ్‌లోనే పేరుకుంటుంది.

చెక్కవచ్చా, చెక్కకూడదా?

రోటర్‌ను లేత్ మీద తిప్పి వ్యాసం తగ్గించడం మీద రెండు అభిప్రాయాలున్నాయి. రెండింటిలోనూ బలం ఉంది. చెక్కడాన్ని సమర్థించేవాళ్లు ఏమంటారంటే: రోటర్ ఒకవైపు వంగి స్టేటర్‌కు రాసుకుంటుంటే కొద్దిగా తీయడం తప్పదు. గ్యాప్ పెరిగితే ఒకవైపుకు లాగే అయస్కాంత బలం తగ్గుతుంది, స్లాట్ల వల్ల ఉపరితలంలో పుట్టే నష్టాలూ తగ్గుతాయి. ఈ మాటలు లెక్క ప్రకారం నిజమే.

వద్దనేవాళ్లు చెప్పేదీ నిజమే. గ్యాప్ అనేది డిజైనర్ పవర్ ఫ్యాక్టర్, స్టార్టింగ్ కరెంట్, శబ్దం అన్నీ తూచి పెట్టిన కొలత. ఒకసారి తీసిన లోహం తిరిగి రాదు. వంగిన షాఫ్ట్‌నో, అరిగిన బేరింగ్ హౌసింగ్‌నో సరిచేయకుండా రోటర్‌ను చెక్కితే కారణం అక్కడే మిగిలిపోతుంది. నా మొగ్గు వీళ్ల వైపే. ఎందుకంటే చెక్కడం వల్ల వచ్చే లాభం ఎక్కువగా ఆ ఒక్క మరమ్మతుకే ఉంటుంది, నష్టం మోటార్ ఉన్నంతకాలం ఉంటుంది. అయితే ఎప్పుడో చెక్కేసి, ఏళ్ల తరబడి చల్లగా నడుస్తున్న రోటర్‌ను చూసి కొత్తది కొనాల్సిందే అనడం కూడా సరికాదు. నో-లోడ్ కరెంట్, నో-లోడ్ కిలోవాట్లు, ఉష్ణోగ్రత హద్దుల్లో ఉంటే, పెరిగిన రియాక్టివ్ పవర్‌ను కెపాసిటర్లు భరించగలిగితే దాన్ని అలాగే నడపడం తెలివైన నిర్ణయమే.

పేలుడు వాయువులున్న చోట ఈ వెసులుబాటు లేదు

పైన చెప్పిన వెసులుబాటు మామూలు చోట్లకే. మండే వాయువులుండే చోట వాడే సర్టిఫైడ్ మోటార్లకు అది వర్తించదు. వాటి మరమ్మతుకు ఐఈసీ 60079-19 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. రోటర్‌లో మార్పు చేస్తే మోటార్ ఇంకా తన సర్టిఫికెట్ పరిధిలో ఉందా అన్న ప్రశ్న అక్కడ తప్పించుకోలేం. ఇన్‌క్రీజ్డ్ సేఫ్టీ రకం (నిప్పురవ్వ, అతివేడి పుట్టకుండా అదనపు జాగ్రత్తతో చేసిన) మోటార్ల నేమ్‌ప్లేట్ మీద టీఈ టైమ్ అని ఒక అంకె ఉంటుంది. వేడెక్కి నడుస్తున్న మోటార్ ఒక్కసారిగా ఇరుక్కుపోతే, స్టార్టింగ్ కరెంట్‌కు రోటర్‌గానీ స్టేటర్‌గానీ ఎన్ని సెకన్లలో ప్రమాదకర ఉష్ణోగ్రతకు చేరుతుందో అది చెబుతుంది. రక్షణ రిలే ఆ సెకన్లలోపే మోటార్‌ను ఆపేలా సెట్ చేస్తారు. బార్ల లోహం మార్చినా, రింగ్ సన్నబడినా, మూసి ఉన్న స్లాట్ తెరుచుకున్నా ఆ సెకన్లు మారిపోతాయి. నేమ్‌ప్లేట్ మాత్రం పాత అంకెనే చూపిస్తుంటుంది, రిలే దాన్నే నమ్మి పనిచేస్తుంది.